బేగంపేట నుండి రోదసికి

హైదరాబాదు నగరమునకు పడమటి వైపున మోతీనగరు అను పేట కలదు. దానికి దక్షిణముగా జూబిలీహిల్స్, ఫిలింనగరు ఉన్నవి. తెలుగు చలనచిత్ర పరిశ్రమకు అవి నిలయములు. కావున ఆ చుట్టుపట్ల "తార" అనగానే వెండితెర మీది నటీనటులే ముందుగా జ్ఞప్తికి వత్తురు. ఇందు వింత లేదు. చీకటి పడిన తరువాత మోతీనగరులో మేడ మీది కెక్కి చూచిన బాలునకు ఆకాశమున కనిపించు నక్షత్రములు వ్రేళ్ళ మీద లెక్కింపదగినన్ని మాత్రమే. వీథి దీపముల కాంతి, అంగళ్ళ కాంతి, వాహనముల కాంతి పైకెగసి, ధూళితో కలిసి, నగరము మీద తెల్లని తెరవలె పరచుకొనును. ఆ తెర వెనుక నక్షత్రములన్నియు ఉన్నవి; కాని కంటికి కానరావు.

ఈ నగరముననే ఒకప్పుడు రాత్రులు మేలుకొని ఆ నక్షత్రములను ఒక్కొక్కటిగా లెక్కించినవారు ఉండిరి. మోతీనగరునకు తూర్పున కొలది మైళ్ళ దూరమున, బేగంపేటలో, గుమ్మటము గల ఒక పాత కట్టడము కలదు. అదియే నిజామియా వేధశాల. ఆ గుమ్మటము క్రింద జరిగిన పనికిని, నేడు భూమిని విడిచి రోదసిలో తిరుగుచున్న దూరదర్శినులకును గొప్ప సంబంధము ఉన్నది.

హైదరాబాదు సంస్థానమున నవాబు జఫర్ జంగ్ అను ప్రభువు ఉండెను. ఆయనకు ఖగోళశాస్త్రమున మిక్కిలి ఆసక్తి. ఆయన ఇంగ్లండు నుండి ఒక పెద్ద దూరదర్శినిని తెప్పించి, 1901లో తన జాగాయైన ఫిసల్‌బండలో వేధశాలను నెలకొల్పి, దానికి నిజాము ప్రభువు పేరు పెట్టెను. తన తదనంతరము ప్రభుత్వమే దానిని పోషింపవలెనని ఆయన కోరిక. 1907లో ఆయన మరణించెను. మరుసటి సంవత్సరము ప్రభుత్వము ఆ శాలను స్వీకరించి, పిదప బేగంపేటకు తరలించెను. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందినది. ఆ పెద్ద దూరదర్శిని కటకము వెడల్పు 15 అంగుళములు. అనగా 38 సెంటీమీటర్లు. ఈ కొలతను గుర్తుంచుకొనవలెను. పాఠము చివర దీనితో మరల పని కలుగును.

ఆ కాలమున ప్రపంచములోని వేధశాలలు కొన్ని కలిసి ఒక మహాకార్యమును తలపెట్టినవి. ఆకాశమునంతటిని ముక్కలుగా పంచుకొని, ఛాయాచిత్రములు తీసి, నక్షత్రముల పట్టిక తయారు చేయవలెనని 1887లో పారిస్ నగరమున నిర్ణయము జరిగినది. దక్షిణాకాశమున ఒక భాగము తొలుత దక్షిణ అమెరికాలోని వేధశాలకు ఒప్పగింపబడినది. అచట అది సాగలేదు. ఆ భాగమును హైదరాబాదు స్వీకరించినది. అది ముగిసిన తరువాత ఉత్తరాకాశమున మరియొక భాగమును కూడ స్వీకరించినది.

ఆ పని ఎట్టిదో ఊహించుట కష్టము. మబ్బు లేని రాత్రి గుమ్మటము తెరచి, గాజు పలకల మీద ఛాయాచిత్రములు తీయవలెను. భూమి తిరుగుచున్న కొలది నక్షత్రము కదలిపోవుచుండును. దూరదర్శిని దాని వెంటనే కదలవలెను. పగటివేళ ఆ పలకలను పరికరము క్రింద నుంచి, ఒక్కొక్క చుక్క చోటును కొలిచి వ్రాయవలెను. అవి పదులు కావు, వందలు కావు, లక్షలు. లెక్కించు యంత్రములు నేటివలె లేని దినములవి. శాలాధిపతి పోకాక్ 1918లో మరణించెను. ఆయనకు సహాయకుడుగా నుండిన టి. పి. భాస్కరన్ ఆ భారమును వహించి, 1944 వరకు నడపెను. 1917 మొదలు 1946 వరకు ఆ పట్టికలు సంపుటములుగా వెలువడినవి. పని ప్రారంభించినవారిలో చాలమంది దాని ముగింపును చూడలేదు. ఐనను పని ఆగలేదు.

ఆ వేధశాలలో సునన్న బాపు అను ఉద్యోగి పనిచేయుచుండెను. ఆయన కుమారుడు వేణు బాపు. మలబారు ప్రాంతము నుండి వచ్చిన కుటుంబము వారిది. 1927లో మద్రాసులో పుట్టిన వేణు హైదరాబాదున పెరిగెను. ఇతర బాలురు బొంగరములతో ఆడుకొను వయసున అతనికి దూరదర్శిని పరిచయమైనది. నిజాము కళాశాలలో చదువుచున్న కాలమునకే అతడు నక్షత్రములను పరిశీలించుట నేర్చెను. హైదరాబాదు ప్రభుత్వము ఇచ్చిన విద్యార్థి వేతనముతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్ళెను. 1949లో, అచట చేరిన కొలది కాలమునకే, ఒక ఛాయాచిత్రపు పలక మీద ఎవరును ఎరుగని తోకచుక్కను కనుగొనెను. దానికి ఆయన పేరును, ఆ కృషిలో తోడ్పడిన బోక్, న్యూకర్క్ అను వారి పేర్లును కలిపి పెట్టిరి.

బాపు విదేశముననే నిలిచిపోవలసిన అవసరము లేకుండ మన దేశముననే గొప్ప వేధశాలలు ఉండవలెనని తలంచి తిరిగి వచ్చెను. నైనిటాల్, కొడైకెనాల్ వేధశాలలలో పనిచేసెను. దీపముల కాంతికి దూరముగా, తమిళనాడులోని జావాది కొండలలో కావలూరు అను చోటును ఎన్నుకొని వేధశాలను స్థాపించెను. బెంగుళూరు కేంద్రముగా నున్న భారత ఖగోళ భౌతికశాస్త్ర సంస్థకు ఆయనయే మూలపురుషుడు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. కావలూరునందు పెద్ద దూరదర్శినిని నిర్మింపవలెనని ఎంతో శ్రమించెను. కాని అది పూర్తికాక మునుపే, 1982లో, జర్మనీలో మరణించెను. నాలుగేండ్లకు, 1986లో, ఆ దూరదర్శిని పని మొదలిడినది. దానికి ఆయన పేరే పెట్టబడినది.

ఇచట హైదరాబాదు పెరుగుచుండెను. బేగంపేటలో విమానాశ్రయము వచ్చినది. చుట్టును ఇండ్లు, దుకాణములు, దీపములు వెలసినవి. దూరదర్శినికి చీకటియే ఆహారము. అది దొరకక, ఉస్మానియా విశ్వవిద్యాలయము నగరమునకు ఆగ్నేయముగా దూరమున నున్న జపాల్, రంగాపూర్ గ్రామముల చెంత క్రొత్త వేధశాలను కట్టి, 1960వ దశకము చివర 48 అంగుళముల దూరదర్శినిని నిలిపినది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము కలిగినపుడు పలువురు శాస్త్రజ్ఞులు అచటికి వచ్చి పరిశీలనలు జరిపిరి.

ఫిసల్‌బండ నుండి బేగంపేటకు, బేగంపేట నుండి రంగాపూరునకు దూరదర్శిని ఇట్లు నగరమును విడిచి దూరముగా జరుగుచు వచ్చినది. దీపములను తప్పించుకొనుటకు అడవికి పోవచ్చును, కొండ ఎక్కవచ్చును. కాని గాలిని తప్పించుకొనుటకు ఎచటికి పోవలెను?

నిలకడగా నున్న చెరువు అడుగున గులకరాయి స్పష్టముగా కనిపించును. గాలికి నీరు కదలినచో ఆ రాయియే వణకుచున్నట్లు తోచును. రాయి కదలలేదు, నడుమనున్న నీరు కదలినది. మనము నేలమీది నుండి నక్షత్రములను చూచుట అట్టిదే. భూమిని ఆవరించిన వాయుమండలము ఎప్పుడును చలించుచుండును. అందుచేతనే నక్షత్రములు మినుకుమినుకుమనును. అంతియే కాదు, కంటికి కనబడు కాంతి గాక వేరు కిరణములు కూడ కలవు. అతినీలలోహిత కిరణములను చాల భాగము వాయుమండలములోని ఓజోను మ్రింగివేయును. పరారుణ కిరణములను చాల భాగము నీటియావిరి మ్రింగివేయును. అనగా నక్షత్రములు వ్రాసిన ఉత్తరములలో సగము చింపబడి మనకు అందుచున్నవి. ఉత్తరమును సంపూర్ణముగా చదువదలచినచో వాయుమండలమునకు పైన నిలిచి చదువవలెను. రోదసి దూరదర్శినులు పుట్టుటకు ఇదియే కారణము.

1990 ఏప్రిల్ 24న అమెరికా వారు హబుల్ దూరదర్శినిని రోదసికి పంపిరి. దాని దర్పణము వెడల్పు 2.4 మీటర్లు. సుమారు 600 కిలోమీటర్ల ఎత్తున అది భూమిని చుట్టుట మొదలిడినది. లోకమంతయు ఆశతో ఎదురుచూచినది. వచ్చిన చిత్రములు మసకగా ఉండెను! దర్పణమును సానపట్టుటలో దాని అంచు ఉండవలసినదాని కంటె కొంచెము చదునై పోయినది. ఆ తప్పు వెంట్రుక మందములో ఏబదియవ వంతు మాత్రమే. అంత స్వల్పమైన దోషము అంత గొప్ప యంత్రమును నవ్వులపాలు చేసినది. ఐనను శాస్త్రజ్ఞులు దోషమును దాచలేదు. ఎంత తప్పినదో కచ్చితముగా కొలిచిరి. దృష్టి మందగించిన వానికి కంటి అద్దములు అమర్చినట్లు, ఆ దోషమునకు సరిపడు చిన్న దర్పణములను తయారు చేసిరి. 1993 డిసెంబరులో ఏడుగురు వ్యోమగాములు వెళ్ళి, ఐదు పర్యాయములు నౌక వెలుపలికి వచ్చి, శూన్యములో నిలిచి ఆ పరికరములను అమర్చిరి. హబుల్ కన్ను తేటపడినది.

1995 డిసెంబరులో రాబర్ట్ విలియమ్స్ అను శాస్త్రజ్ఞుడు ఒక సాహసము చేసెను. హబుల్ సమయము మిక్కిలి విలువ గలది. దానికై ఎందరో కాచుకొని యుండిరి. ఆయన తన అధికారమునకు లోబడిన సమయమును వినియోగించి, సప్తర్షి మండలము చెంత, ఏమియు లేనట్లు తోచు చోటికి దూరదర్శినిని గురిపెట్టించెను. చేయి చాచి పట్టుకొన్న ఇసుకరేణువు ఎంత ఆకాశమును కప్పునో, ఆ చోటు ఇంచుమించు అంతయే. అచట ఏమియు కనబడకున్నచో పది దినములు వ్యర్థమగునని పలువురు శంకించిరి. పది దినములలో 342 చిత్రములు తీసి, వాటినన్నిటిని కలిపి చూచిరి. ఆ నల్లని చోట సుమారు 3,000 గెలాక్సీలు వెలుగుచుండెను! ఒక్కొక్క గెలాక్సీ కోట్లకొలది నక్షత్రముల సముదాయము. మన పాలపుంత అట్టి వాటిలో ఒకటి. శూన్యమని మానవుడు తలంచినది శూన్యము కాదని ఆ చిత్రము తెలిపినది.

ఆ చిత్రములో మరియొక అద్భుతము కలదు. అది చోటును మాత్రమే గాక, కాలమును కూడ చూపును. మాయాబజార్ చలనచిత్రము 1957లో వెలువడినది. అందు ఘటోత్కచుడుగా నటించిన ఎస్. వి. రంగారావు 1974లో కీర్తిశేషుడయ్యెను. ఐనను నేడు ఆ చిత్రమును చూచువారికి ఆయన తెరమీద నవ్వుచు, నడచుచు కనిపించును. ఏనాడో చిత్రించిన వెలుగు నేడు కన్నులను చేరుచున్నది. నక్షత్రముల సంగతియు ఇట్టిదే. కాంతి క్షణమునకు 3 లక్షల కిలోమీటర్లు పరుగిడును. ఒక సంవత్సరములో అది పోవు దూరము రమారమి 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. దానినే కాంతి సంవత్సరము అందురు. చలికాలపు రాత్రులలో మిక్కిలి ప్రకాశముతో కనిపించు లుబ్ధక నక్షత్రము 8.6 కాంతి సంవత్సరముల దూరమున ఉన్నది. ఎనిమిదవ తరగతి విద్యార్థి ఈ సంవత్సరము దానిని చూచినచో, అతని కంటిని చేరిన కాంతి అతని అక్షరాభ్యాసము నాళ్ళలో బయలుదేరినది. హబుల్ చూచిన గెలాక్సీలలో కొన్నిటి కాంతి, భూమి పుట్టక పూర్వమే బయలుదేరినది.

ఇంకను వెనుకటి కాలమును చూచుటకై 2021 డిసెంబరు 25న వెబ్ దూరదర్శినిని పంపిరి. విశ్వము వ్యాకోచించుచున్నది. అందుచేత బహుదూరము నుండి వచ్చు కాంతి దారిలో సాగిపోయి, కంటికి కనబడని పరారుణ కిరణముగా మారును. ఆ కిరణములను పట్టుటకు దూరదర్శిని మిక్కిలి చల్లగా ఉండవలెను. కావున దానిని భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున నిలిపి, ఎండ తగులకుండ ఐదు పొరల గొడుగు పట్టిరి. ఆ గొడుగు విప్పినచో టెన్నిసు ఆటస్థలమంత ఉండును. దర్పణము వెడల్పు 6.5 మీటర్లు, బంగారు పూత పూసిన 18 ముక్కల కూర్పు. ఇంత పెద్ద యంత్రమును మడతలు పెట్టి పంపి, దారిలో విప్పిరి. హబుల్‌వలె దీనిని మనుష్యులు వెళ్ళి బాగుచేయుటకు వీలు లేదు. ఒక మడత విప్పుకొనకున్నను శ్రమ వృథా. అన్నియు విప్పుకొనినవి. 2022 జులైలో తొలి చిత్రములు వెలువడినవి. ధూళిమేఘముల గర్భములో పుట్టుచున్న నక్షత్రములు వాటిలో కనబడినవి. విశ్వము వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరములు. విశ్వము పుట్టిన 30 కోట్ల సంవత్సరములలోపుననే వెలుగుచుండిన గెలాక్సీని వెబ్ కనుగొన్నట్లు 2024లో ప్రకటించిరి.

ఇంత పెద్ద దర్పణములు గల దేశములకే రోదసిని చూచు భాగ్యము కలదా? ఈ ప్రశ్నకు సమాధానము తెలుగు నేల మీద లభించినది. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట కలదు. 2015 సెప్టెంబరు 28న ఉదయము అచటి నుండి ఒక రాకెట్టు ఎగసి, ఆస్ట్రోశాట్ అను ఉపగ్రహమును 650 కిలోమీటర్ల ఎత్తున ప్రవేశపెట్టినది. ఖగోళ పరిశీలనకే ప్రత్యేకింపబడిన భారతీయ ఉపగ్రహములలో అది మొదటిది. అందు అతినీలలోహిత కిరణములను చూచు జంట దూరదర్శినులు కలవు. వాటి నిర్మాణమున ముఖ్యపాత్ర వహించినది, వేణు బాపు తీర్చిదిద్దిన బెంగుళూరు సంస్థయే. ఆ జంటలో ఒక్కొక్క దూరదర్శిని దర్పణము వెడల్పు ఎంత? రమారమి 38 సెంటీమీటర్లు! బేగంపేట గుమ్మటము క్రింద నిలిచిన కటకము కొలతయు అదియే.

ఆ దర్పణముల మీద ఇసుమంత మలినము చేరినను అతినీలలోహిత కిరణములు సరిగా అందవు. కావున ఉపగ్రహము పైకి పోయిన తరువాత కూడ రెండు నెలలు మూతలు తెరువక ఓపికతో వేచియుండిరి. నవంబరు 30న మూత తెరచిరి. మరుసటి సంవత్సరము అక్టోబరులో, హబుల్ అంతకుముందే దీర్ఘముగా పరిశీలించిన దక్షిణాకాశపు చిన్న భాగమును ఈ చిన్న కన్ను 28 గంటలకు పైగా చూచినది. అచటి ఒక గెలాక్సీ నుండి మిక్కిలి శక్తిగల అతినీలలోహిత కాంతి వచ్చుచున్నట్లు గుర్తు కనబడినది. హబుల్ అంతకంటె ఎంతో పెద్దది; ఐనను ఆ కాంతి దానికి దొరకలేదు. ఆస్ట్రోశాట్ పరికరములలో సద్దు తక్కువ. నిశ్శబ్దముగా నున్న గదిలో గుసగుస వినబడునట్లు, దానికి ఆ మందమైన కాంతి దొరకినది. పూనాలోని శాస్త్రజ్ఞుడు కనక్ సాహా, ఆయన సహచరులు తొందరపడి ప్రకటింపలేదు. అది భ్రమ కాదని రూఢి చేసికొనుటకు దీర్ఘకాలము శ్రమించి, 2020లో లోకమునకు తెలిపిరి. ఆ కాంతి మనలను చేరుటకు 930 కోట్ల సంవత్సరములు ప్రయాణము చేసినది. శైశవమున విశ్వమును కప్పియున్న హైడ్రోజను వాయువు తన తొలి రూపమును విడుచుటకు ఇట్టి కిరణములే కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. కావున ఆ చిన్న వెలుగు విశ్వచరిత్రలో ఒక పెద్ద ఘట్టమునకు సాక్షియైనది.

అదే కొలత గల కన్ను. బేగంపేటలో ఉన్నపుడు దాని ఎదుట గాలి, ధూళి, దీపకాంతి అడ్డు నిలిచెను. అడ్డు తొలగిన చోట నిలిచినంతనే 930 కోట్ల సంవత్సరముల నాటి కాంతి దానికి చిక్కినది. చూచువాని చేతిలోని పరికరము ఎంత పెద్దదో అన్నది ఒక్కటే ముఖ్యము కాదు. ఎచట నిలిచి, ఎంత శ్రద్ధతో, ఎంత కాలము చూచెనన్నది ముఖ్యము. గాజు పలకల మీద చుక్కలను కొలిచిన హైదరాబాదు వేధశాలలోని మనుష్యులు ఎరిగిన విద్యయు ఇదియే. వారి పేర్లు పెక్కు మరుగుపడినవి. వారు నేర్పిన ఓపిక మాత్రము తరువాతివారికి దక్కినది.

మోతీనగరు మేడ మీది బాలునికి రోదసికి పోవు దారి లేదు. కాని చలికాలమున సెలవులకు దీపములు లేని పల్లెకు పోయినపుడు, చంద్రుడు లేని రాత్రి తల పైకెత్తినచో, దేవయాని గెలాక్సీ చిన్న తెల్లని మచ్చవలె అతనికి కనిపించును. దాని కాంతి బయలుదేరి 25 లక్షల సంవత్సరములైనది. దూరదర్శినితో పని లేకుండ మానవుని కన్ను చూడగలిగిన మిక్కిలి దూరపు వస్తువులలో అదొకటి. దానిని చూచుటకు కావలసినవి కొంత చీకటి, కొంత ఓపిక మాత్రమే.

ప్రశ్నలు

1. నిజామియా వేధశాలను ఎవరు, ఎప్పుడు స్థాపించిరి? నక్షత్రముల పట్టిక తయారు చేయుటలో అచటివారు పడిన శ్రమను వర్ణింపుము.
2. వేణు బాపు జీవితమును గూర్చి సంగ్రహముగా వ్రాయుము.
3. నేలమీది దూరదర్శినికి గాలి ఏయే విధముల అడ్డు నిలుచును?
4. హబుల్ దూరదర్శినికి కలిగిన దోషమేది? దానిని ఎట్లు సరిచేసిరి?
5. పాఠమున 38 సెంటీమీటర్ల కొలత రెండు తావుల వచ్చినది. ఆ రెంటిని పోల్చి, దానివలన తెలియు విషయమును నీ మాటలలో వివరింపుము.